“లాగిన్‌లో ఉంది” అంటే ఎవరి దగ్గర ఉన్నట్టు?

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక గ్రూపు లీడరు చేసిన ప్రసంగం)



నాకు ఇచ్చిన అంశం “సమాఖ్య ఆఫీసు పనులను సాఫ్ట్‌వేర్ ద్వారా సిబ్బందికి అప్పగించడం”. పేరు వినగానే ఇది మనకెందుకులే, ఆఫీసు వాళ్ల సంగతి అనుకుంటారని తెలుసు. భోజనాలకు ఇంకా టైముంది, కాబట్టి నా మాట కాస్త వినండి. నేను పదో తరగతి దాకా చదివాను, కంప్యూటర్ కోర్సు ఏదీ చెయ్యలేదు. మూడు నెలల నుంచి ఆఫీసులో ఈ సాఫ్ట్‌వేర్‌ని ప్రయోగంగా నడిపి చూస్తున్నారు. నన్ను, ఇంకో నలుగురు లీడర్లను కూర్చోబెట్టి చూపించారు. ఇవాళ ఎజెండాలో ఐదో అంశం అదే. చేతులెత్తబోయేది మనమే గనక, దేనికి ఎత్తుతున్నామో తెలియాలిగా.

ముందు ఒక మాట అడుగుతా. ఆదాయం సర్టిఫికెట్‌కో కులం సర్టిఫికెట్‌కో సచివాలయానికి వెళ్లిన వాళ్లు చేతులెత్తండి. అందరూ వెళ్లారు. “నా కాగితం ఏమైందండీ” అని అడిగితే వచ్చే జవాబు ఏంటి? “వీఆర్వో గారి లాగిన్‌లో ఉందమ్మా.” నాలుగు రోజులు పోయాక “ఆర్ఐ గారి లాగిన్‌లో ఉంది.” ఆ తర్వాత “ఎమ్మార్వో గారి లాగిన్‌కి వెళ్లింది.” మీ సేవ 2011లో వచ్చింది, గ్రామ సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలైనాయి, 2025 జనవరిలో మన మిత్ర అని వాట్సాప్‌లోకే సేవలు వచ్చినాయి. ఇన్నేళ్లలో మనకు ఇంగ్లిషు రాకపోయినా లాగిన్ అనే మాట మాత్రం వచ్చేసింది.

ఈ సాఫ్ట్‌వేర్ సంగతంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఒక కాగితం మీద ముగ్గురు పని చెయ్యాలి. మొదటామె విచారణ చెయ్యాలి, రెండోవారు సరిచూడాలి, మూడోవారు సంతకం పెట్టాలి. ఒకరిది అయితేగానీ రెండోవారికి కనపడదు. ఎవరి వంతు వస్తే వాళ్ల తెర మీద “చెయ్యవలసిన పనులు” అనే పట్టీలోకి అది వచ్చి పడుతుంది. చేసి నొక్కితే పక్కవారి పట్టీలోకి పోతుంది. ఎన్ని రోజుల్లో చెయ్యాలో పక్కనే రాసి ఉంటుంది, దాటితే ఎర్రబడుతుంది. ఎవరు ఏ రోజు ఏ టైముకు ఏం చేశారో చెరపడానికి వీల్లేకుండా కింద నమోదవుతుంది. ఇంతకుమించి బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మాకు చూపించిన అబ్బాయి ఒక బొమ్మ గీశాడు. పలక మీద అడ్డంగా పొడుగాటి గీతలు గీసి, ఒక్కో గీత మధ్య ఖాళీలో ఒక్కొక్కరి పని రాశాడు. ప్రపంచమంతా ఇట్లాగే గీస్తారంట, దానికి బీపీఎంఎన్ అని పేరు, ఇప్పుడు వాడే పద్ధతి 2011లో ఖాయమైందంట. వాటిని ఈతకొలను గీతలు అంటారని చెప్పాడు. మా పక్కన కూర్చున్న అక్క ఈతకొలను ఎప్పుడూ చూడలేదు. ఆవిడ చూసి, “ఇది మునుం కదయ్యా” అంది. నిజమే అక్కా! నాట్లకు దిగినప్పుడు ఒక్కొక్కరికి ఒక మునుం. నీ మునుంలో ఖాళీ మిగిలితే నీదే పూచీ. ఎవరు వెనకబడ్డారో గట్టు మీద నుంచి చూస్తే తెలిసిపోతుంది. ఆ అబ్బాయి మూడు రోజుల్లో చెప్పాలనుకున్నది ఆవిడ ఒక్క మాటలో చెప్పేసింది. ఇకనుంచి నేను మునుం అనే అంటా.

సరే, పని అప్పగించటం ఇంత తేలికైతే కాగితాలు ఎందుకు ఆగిపోతున్నాయి? దీనికి మా గ్రూపులో జరిగింది చెప్పాలి. ఏ ఆఫీసో, ఏ పథకమో పేరు చెప్పను. స్త్రీనిధి మాత్రం కాదు.

మా గ్రూపులో ఒక చెల్లెలు గేదె కొనుక్కుందామని అప్పుకు పెట్టుకుంది. పక్క ఊళ్లో గేదెను చూసుకుంది. రెండో ఈత, పూటకు నాలుగు లీటర్లు ఇస్తుంది. బేరం ఎనభై వేలకు తెగింది. ఐదు వేలు బయానా ఇచ్చింది, రెండు వారాలు గడువు అడిగింది. మేం తీర్మానం రాశాం, సంతకాలు అయినాయి, కాగితాలు ఎక్కించారు. రెండు వారాలు పోయినాయి. అడిగితే “లాగిన్‌లో ఉంది”. మూడో వారం అడిగితే అదే జవాబు. ఎవరి లాగిన్ అంటే “పైన”. ఇరవై మూడో రోజు నేను, ఆ చెల్లెలు కలిసి పోయి కూర్చున్నాం, కదలమని చెప్పాం. అప్పుడు వెతికారు. సంగతేంటంటే, ఆ పని చూసే ఉద్యోగి బదిలీ అయి వెళ్లిపోయారు. కొత్తవారు వచ్చి చేరారు, కుర్చీలోనే ఉన్నారు, ఖాళీగానే ఉన్నారు. కంప్యూటర్‌లో మాత్రం ఆ పని పాతవారి పేరు మీద రాసి ఉంది. కాగితాలన్నీ వెళ్లి ఆయన పట్టీలో పడుతున్నాయి. ఆయన ఇప్పుడు వేరే ఊళ్లో వేరే పనిలో ఉన్నారు, ఆ పట్టీ తెరిచి చూసే అవసరమే ఆయనకు లేదు. కొత్తవారి పట్టీలో ఏమీ లేదు కాబట్టి ఆయనకు పని లేదనే అనుకుంటున్నారు. ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేం. గేదె మాత్రం వేరేవాళ్ల కొట్టంలోకి వెళ్లిపోయింది. బయానా తిరిగి రాలేదు.

అక్కడితో అయిపోతే నేనిక్కడ చెప్పను. ఆ చెల్లెలు రెండో గేదె కోసం ఆగలేక వారం కట్టుబడి ఫైనాన్స్ దగ్గర తీసుకుంది. ఇప్పుడు పాల డబ్బులు వారం వారం వాళ్లకే పోతున్నాయి.

పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2006లో మన కృష్ణా జిల్లాలోనే మైక్రో ఫైనాన్స్ వాళ్ల వసూళ్ల మీద పెద్ద గొడవ అయింది. అధికారులు యాభై వరకు బ్రాంచీలు మూయించారు. మళ్లీ 2010లో రాష్ట్రమంతా అదే గోల, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ మరుసటి ఏడాది, 2011లో, స్త్రీనిధి పెట్టారు. అడిగిన 48 గంటల్లో అప్పు చేతికి రావాలనేది దాని లక్ష్యం. 48 గంటలు అని ఎందుకు పెట్టుకున్నారో ఆలోచించండి. వడ్డీ తక్కువని మనకు తెలియక ఆ ఫైనాన్స్ వాళ్ల దగ్గరికి పోతామా? వాళ్లు గుమ్మం దగ్గరికొస్తారు, వచ్చినాయనే మాట చెప్పేస్తాడు, మూడో రోజుకు డబ్బు ఇస్తాడు. ఆస్పత్రి, కాలేజీ ఫీజు, దుక్కి, ఇవి మన లాగిన్ కోసం ఆగవు. మన దగ్గర వడ్డీ ఎంత తక్కువైనా కాగితం ఇరవై మూడు రోజులు ఆగితే మన మనుషులను మనమే వాళ్ల గుమ్మానికి పంపినట్టు. అందుకే ఇది ఆఫీసు సంగతి అని ఊరుకోవద్దంటున్నా.

కాబట్టి మేం ఐదుగురం చూసి మొదట అడిగింది ఇదే. పని మనిషి పేరుకు రాయకూడదు, ఆ బాధ్యతకు రాయాలి. “అకౌంటెంట్” అని రాయండి. ఆ కుర్చీలో ఇవాళ ఎవరున్నారో వేరేచోట రాసుకోండి. మనిషి మారితే ఆ ఒక్కచోట పేరు మారుస్తారు, కాగితాలన్నీ వాటంతట అవే కొత్తామె పట్టీలోకి వస్తాయి. మన గ్రూపులో లీడర్లు మారితే బ్యాంకులో సంతకాలు మార్పిస్తాం చూడండి, ఖాతా మాత్రం అదే ఉంటుంది, అట్లాగన్నమాట. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఏర్పాటు ముందే ఉందంట, వాడుకోవటమే తక్కువ.

సెలవు సంగతి కూడా అంతే. మన సిబ్బందిలో ఎక్కువమంది ఆడవాళ్లం. కాన్పులుంటాయి, పిల్లలకు జ్వరాలుంటాయి, అత్తగారి ఆస్పత్రి ఉంటుంది. సెలవు పెట్టినామె పట్టీ ఎవరి దగ్గరికి పోవాలో ముందే నమోదు చేసి ఉండాలి. లేకపోతే ఏం జరుగుతుందో మీకు తెలుసు. కాన్పుకు పుట్టింటికి పోయినామెకు ఫోన్ చేసి, “అమ్మా, నీ పాస్‌వర్డ్ చెప్పు, ఓటీపీ వచ్చింది, అది కూడా చెప్పు” అంటారు. ఆమె పిల్లకు పాలిస్తూ ఓటీపీ చెప్తుంది.

పాస్‌వర్డ్ మాట వచ్చింది గనక ఇది కూడా చెప్పేస్తా. కొన్నిచోట్ల పాస్‌వర్డ్ ట్యాబ్ వెనక చీటీ మీద అంటించి ఉంటుంది. ఒకచోట గోడ మీద క్యాలెండర్ వెనక రాసి ఉండటం నా కళ్లతో చూశాను. నవ్వకండి. మన గ్రూపు ఖాతాలో నుంచి డబ్బు తియ్యాలంటే ఒకటో లీడరు, రెండో లీడరు ఇద్దరూ సంతకం పెట్టాలి, తీర్మానం పుస్తకం చూపించాలి. ఎందుకు? ఒక చేత్తో డబ్బు కదలకూడదని. బ్యాంకు వాళ్లు తమ కంప్యూటర్‌లోనూ ఇదే పాటిస్తారు. ఎక్కించేవారు ఒకరు, చూసి ఒప్పుకునేవారు ఇంకొకరు. మేకర్, చెకర్ అంటారు. ఎక్కించినవారే ఒప్పుకోబోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. కానీ రెండు పాస్‌వర్డ్‌లూ ఒకరి దగ్గరే ఉంటే దానికి పాపం ఎట్లా తెలుస్తుంది? ఒక్క చెయ్యే రెండు సంతకాలు పెడుతుంది, తెర మీద ఇద్దరు చేసినట్టే ఉంటుంది. సభ్యురాలికి తెలియకుండానే ఆమె పేరున అప్పు లేచిందని పేపర్లలో వార్తలు చదువుతూనే ఉన్నాం. ఆ రోజున ఎవరి లాగిన్‌లో నొక్కారో ఆ అమ్మాయే పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలి. నేను నొక్కలేదంటే ఎవరూ నమ్మరు. అందుకని నా మాట వినండి, వీఓఏ అక్కల మంచి కోసమే చెప్తున్నా. ఎంత దగ్గరి మనిషి అడిగినా పాస్‌వర్డ్ ఇవ్వొద్దు. ఏపీఎం గారు అడిగినా ఇవ్వొద్దు. ఏపీఎం గారు కూడా తల ఊపుతున్నారు చూడండి.

ఇక ఎక్కువసేపు వాదన జరిగిన అంశం ఒకటుంది. ఒక పనిని ఒకరికే ఇవ్వాలా, నలుగురికి కలిపి ఇవ్వాలా? సాఫ్ట్‌వేర్‌లో రెండూ చెయ్యొచ్చు. నలుగురికి కలిపి ఇస్తే అది ఉమ్మడి బుట్టలో పడుతుంది, ఖాళీగా ఉన్నామె తీసుకుని “ఇది నాది” అని నొక్కాలి. నొక్కగానే మిగతా ముగ్గురి పట్టీలో నుంచి పోతుంది. వినడానికి బాగుంది. కానీ తేలిక పనులు నొక్కి, చిక్కు పనులు బుట్టలోనే వదిలేస్తే?

దీని మీద మా మధ్య మాట తెగలేదు. అప్పుడు నేను బుడమేరు రోజులు గుర్తుచేశాను. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. సింగ్‌నగర్ వైపంతా నీళ్లు. తెల్లారేసరికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు, అంత వరద ఆ బ్యారేజీ ఎప్పుడూ చూడలేదు. మన ఊళ్లలో గ్రూపులన్నీ పొయ్యిలు వెలిగించి పులిహోర కలిపి పొట్లాలు కట్టాయి. తీసుకెళ్లిన ట్రాక్టర్ల వాళ్లు వచ్చి ఏం చెప్పారు? నీళ్లు తక్కువున్న ముందు వీధులకు ఒకే పూట మూడు బళ్ల అన్నం అందింది, వద్దు తల్లీ అని తిప్పి పంపుతున్నారు. లోపలి వీధుల్లో డాబాల మీద ఉన్నవాళ్లు చేతులూపుతూనే ఉన్నారు. ఇచ్చేవాళ్లకు మనసు లేక కాదు, ఎవరికీ ఏ వీధి అని లేకపోవటం వల్ల. మర్నాడు మా పక్క గ్రూపు అక్క ఒక లాంగ్ నోట్‌బుక్ తీసింది. వీధి పేరు, ఎన్ని పొట్లాలు, తీసుకెళ్లే మనిషి పేరు, తిరిగొచ్చి ఎన్నింటికి చెప్పాలి, ఇంతే రాసింది. పడవలో వెళ్లాల్సిన వీధులకు ఈత వచ్చిన కుర్రాళ్ల పేర్లు రాసింది. మేం పంపినంత వరకు ఆ రోజు లోపలికి వెళ్లినాయి.

ఆ నోట్‌బుక్ పేజీ నేను దాచుకున్నాను. దాన్నే ఆ అబ్బాయికి చూపించి, ఇట్లా పెట్టు బాబూ అన్నాను. మొదట ఉమ్మడి బుట్టలో పడొచ్చు, ఫరవాలేదు. ఒక్క రోజు గడిచాక కూడా ఎవరూ తీసుకోకపోతే వరస ప్రకారం ఒకరి మునుంలోకి దానంతట అది వెళ్లాలి. ఆమె కూడా గడువు దాటిస్తే సీసీ గారికి, ఆ తర్వాత ఏపీఎం గారికి కబురు పోవాలి. అట్లా పెట్టొచ్చన్నాడు. మూడు నెలల ప్రయోగంలో అట్లాగే నడిచింది. చిక్కు పనులు ఇప్పుడు కూడా కాస్త ఆలస్యంగానే అవుతున్నాయి, లేదని అబద్ధం చెప్పను. అయితే ఏది ఎవరి దగ్గరుందో చెప్పగలుగుతున్నారు.

ఇంకొక సంగతి వీఓఏ అక్కల తరఫున మాట్లాడాలి. వాళ్లు తమకై తాము చెప్పుకోరు. చెప్పుకుంటే పని తప్పించుకుంటున్నారంటారు.

కాగితం మీద పని ఇచ్చే రోజుల్లో పిలిచి, ఎదురుగా నిలబెట్టి చెప్పాలి. ఆమె మొహం కనపడేది. చేతిలో రెండు రిజిస్టర్లు, చంకలో బిడ్డ ఉంటే ఇంకో పని చెప్పడానికి మనకే నోరు వచ్చేది కాదు. తెర మీద అట్లా కాదు. పేరు ఎంచుకో, నొక్కు, అయిపోయింది. రాత్రి తొమ్మిదింటికి కూడా నొక్కొచ్చు. ఇరవైకి పైగా గ్రూపులు చూసే వీఓఏలు మన దగ్గర ఉన్నారు. పొదుపు వివరాలు ఒక యాప్‌లో, లోకోస్‌లో సభ్యుల వివరాలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి, ఎప్పటికప్పుడు వచ్చే సర్వేలు, మీటింగుకు జనాన్ని తీసుకురావటం. ఇప్పుడు దీని మీద ఇంకో పట్టీ. అన్నీ ఎర్రగా ఉంటే ఏ ఎరుపు ముందు చూడాలి? ఎర్రబడ్డ ప్రతిదానికీ ఆమెనే అడుగుతారు. ఆ ఎరుపు ఆమె బద్ధకం వల్ల వచ్చిందా, ఒక్క మనిషికి ముగ్గురి మునుం ఇవ్వటం వల్ల వచ్చిందా, తెర చెప్పదు.

మన డెల్టా రైతుకు ఇది బాగా తెలుసు. కాలవకు నీళ్లు వదిలామని పైన రిజిస్టర్‌లో రాస్తారు. శివారు భూముల వాళ్లు ఎండిన బోదె చూస్తూ కూర్చుంటారు. పని అప్పగించామని తెర మీద పచ్చగా కనపడితే చివరనున్న మనిషికి అది చేరిందని, చేసే తీరుబాటు ఆమెకు ఉందని అర్థం కాదు.

అందుకని మేం ఐదుగురం కలిసి కొన్ని షరతులు రాసిచ్చాం. అప్పగించబోయే ముందు ఆమె చేతిలో ఇప్పటికే ఎన్ని పనులున్నాయో అప్పగించేవారి తెర మీద కనపడాలి. ఆ అంకె చూశాకే నొక్కాలి. ఆమెకు తిప్పి పంపే హక్కు ఉండాలి. “ఆధార్ జిరాక్సు లేదు”, “సభ్యురాలు ఊళ్లో లేదు”, “ఈ వారం నా చేతిలో ఇప్పటికే ఇన్ని ఉన్నాయి”, ఏదో ఒక కారణం తెలుగులో రాసి తిప్పి పంపితే దాన్ని నిర్లక్ష్యం కింద లెక్కెయ్యకూడదు. సాయంత్రం ఆరు తర్వాత వేసిన పనికి గడువు మర్నాటి నుంచి లెక్కపెట్టాలి. ఫోన్ రీచార్జ్ డబ్బులు సమాఖ్య ఇవ్వాలి. ఆఖరిదాని మీద కోశాధికారి గారు కాస్త ముఖం చిట్లించారు గానీ, లెక్క వేసి చూస్తే మనం మీటింగు టీలకు పెట్టే ఖర్చంత కూడా లేదు.

సభ్యులకు దక్కాల్సింది ఒకటుంది. ఇప్పటిదాకా ఈ తెర ఆఫీసు వాళ్లకే కనపడుతుంది. అప్పుకు పెట్టుకున్న సభ్యురాలికి కూడా ఫోన్‌కు తెలుగులో మెసేజ్ రావాలి: మీ కాగితం ఇవాళ ఫలానా బాధ్యత గలవారి దగ్గరికి చేరింది, ఫలానా తేదీలోపు చెయ్యాలి. చదవలేని అక్కలకు గ్రూపు మీటింగులో లీడరు చదివి వినిపించాలి. పుస్తక నిర్వహణ మన పంచసూత్రాల్లో ఉన్నదే, మీటింగులో పొదుపు లెక్క చదివినట్టే ఇది కూడా చదువుదాం. నిన్నటిదాకా “లాగిన్‌లో ఉంది” అంటే తలూపి వచ్చేసేవాళ్లం. ఇకమీదట “ఏ బాధ్యత? ఏ తేదీ?” అని అడగండి. గట్టిగా అడగక్కర్లేదు, మామూలుగానే అడగండి.

ఐదో అంశం కాసేపట్లో కార్యదర్శి గారు చదువుతారు. అందులో సాఫ్ట్‌వేర్ పెట్టాలని ఉంది గానీ, మేం రాసిచ్చిన షరతులు రెండో పేజీలో ఉన్నాయి. రెండు పేజీలూ చదివించండి, చదివాకే చేతులెత్తండి. ఆమోదం అయితే గ్రామ సంఘాల వారీగా శిక్షణ వచ్చే మంగళవారం నుంచి ఉంటుంది. ఒక్కో గ్రామ సంఘం నుంచి ముగ్గురు రావాలి, అందులో ఒకరైనా స్మార్ట్‌ఫోన్ లేని సభ్యురాలై ఉండాలని అడిగాం. వచ్చేవాళ్లు ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకుని రండి. మన సమాఖ్య హాల్లో ప్లగ్ పాయింట్లు రెండే ఉన్నాయి, ఒకటి ఫ్యానుకు పోతుంది.